చేపకు చలేస్తే హీటరేనా?

ఇంట్లో ఒక నీళ్ళ తొట్టి పెట్టి అందులో చేపల్ని పెంచటం, ఆ నీళ్ళనే పక్కనున్న కంకర మడిలోకి తోడి ఆకుకూరలు పండించటం, మడిలో వడగట్టుకున్న నీళ్ళను మళ్ళీ తొట్టిలోకే వదలటం. ఈ పద్ధతిని ఆక్వాపోనిక్స్ అంటున్నారు. పేరు వినటానికి కొత్తగానే వుంటుంది గాని, అందులోని సూత్రం మన రైతుకు అంత కొత్తదేమీ కాదు. ఎండాకాలంలో చెరువు పూడిక మట్టిని బళ్ళకెత్తి పొలానికి తోలుకున్నవాడికి, చేపలు తిరిగిన నీటిలో ఎంత బలముందో ఒకరు పాఠం చెప్పనక్కరలేదు. ఆ చెరువునూ ఆ పొలాన్నీ తీసుకొచ్చి మేడ మీద పక్కపక్కన పెట్టామనుకోండి, అదే ఆక్వాపోనిక్స్.

నగరాల్లో మేడల మీద, పల్లెల్లో పెరళ్ళలో, విదేశాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థుల ఇళ్ళలో కూడా ఈ సరదా పెరుగుతోంది. సంతోషించాల్సిన విషయమే. కాని చలికాలం రాగానే వీళ్ళందరి నోటా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "ఎన్ని వాట్ల హీటరు కొనాలండీ?"

మిత్రులారా, నా అభిప్రాయం ఒక్క ముక్కలో ముందే చెప్పేస్తాను. ఆ ప్రశ్న వరుసలో మూడోది. మొదటి ప్రశ్న, "తొట్టిలోని వేడి ఎటు పోతోంది?" రెండోది, "నేను పెంచుతున్న చేప ఈ వూరి చలికి తగిందేనా?" ఈ రెండింటికీ సమాధానం వెతుక్కున్న తర్వాత కూడా ఇంకా చలి మిగిలితే, అప్పుడు హీటరు సంగతి మాట్లాడుకోవచ్చు. మొదటి రెండు ప్రశ్నలూ దాటేసి మూడోదానికి పరుగెత్తేవాడు చిల్లు కుండలో నీళ్ళు పోస్తున్నట్లే లెక్క.

ముందు అసలు చలి ఎవరికి వేస్తోందో చూద్దాం. ఈ తొట్టిలో ముగ్గురు కాపురం వుంటారు. ఒకరు చేప, రెండోవారు మొక్క, మూడోవారు కంటికి కనిపించని బాక్టీరియా. చేప విసర్జించే అమ్మోనియా చేపకే విషం. నైట్రోసోమోనాస్ అనే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ చేపకు పడదు. నైట్రోబాక్టర్, నైట్రోస్పైరా అనేవి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అది మొక్కకు అన్నం. ఇలా ఒకరి ఎంగిలి మరొకరికి విందవుతుంది. ముగ్గురిలో ఏ ఒక్కరు అలిగి పడుకున్నా కాపురం చెడుతుంది.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో చిన్న తరహా ఆక్వాపోనిక్స్ మీద ఒక గ్రంథం ప్రచురించింది. అందులోని లెక్క ప్రకారం ఈ బాక్టీరియాకు 17 నుంచి 34 డిగ్రీల వేడి హాయిగా వుంటుంది. (నేను చెప్పే డిగ్రీలన్నీ సెంటిగ్రేడే.) 10 డిగ్రీల కిందకు దిగితే వాటి పని సగానికి సగం, అంతకంటే ఎక్కువే పడిపోతుంది. అందులోనూ నైట్రోబాక్టర్‌కు చలి మరీ ఎక్కువ. కనుక చలిరోజుల్లో అమ్మోనియా మారినా, నైట్రైట్ మారకుండా పేరుకునే ప్రమాదం వుంది. చాలామంది అమ్మోనియా ఒక్కటే పరీక్షించి "అంతా బాగానే వుంది" అనుకుంటారు. చలికాలంలో కన్నేసి వుంచాల్సింది నైట్రైట్ మీద.

ఇక చేప సంగతి. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే వుంటుంది. నీరు చల్లబడితే దాని జీర్ణశక్తి తగ్గుతుంది, ఆకలి తగ్గుతుంది. ఇది జబ్బు కాదు, దాని స్వభావం. ఆకలి లేని చేపకు మనం ప్రేమకొద్దీ రోజూ వేసినంతే మేత వేస్తే, తినకుండా మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. దాన్ని మార్చాల్సిన బాక్టీరియా అప్పటికే చలికి ముడుచుకుని వుంటుంది. చలికాలంలో ఇళ్ళలోని తొట్లు పాడవటానికి చలి ఎంత కారణమో, ఆ చలిలో తగ్గించకుండా వేసిన మేతా అంత కారణం. చల్లటి నీటిలో ఒక లాభం కూడా వుందని మనం మరచిపోకూడదు. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు కొంచెం పైగా ప్రాణవాయువు కరిగితే, 10 డిగ్రీల నీటిలో 11 మిల్లీగ్రాములకు పైగా కరుగుతుంది. అంటే చలిలో చేపకు తిండి తక్కువ కావాలి, ఊపిరి ఎక్కువ దొరుకుతుంది. ప్రకృతి చేసిన ఈ సర్దుబాటును చెడగొట్టకుండా వుంటే సగం పని అయినట్లే.

మరి అందరికీ హీటరు యావ ఎందుకు పట్టుకుంది? దానికొక చరిత్ర వుంది. ఈనాడు మనం చూస్తున్న ఆక్వాపోనిక్స్ నమూనాల్లో పేరున్నది వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో తయారయింది. కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయీ ద్వీపంలో డాక్టర్ జేమ్స్ రాకొసీ, ఆయన సహచరులు 1980 నుంచి దశాబ్దాల పాటు దీని మీద పనిచేశారు. వాళ్ళు ప్రధానంగా పెంచింది తిలాపియా చేపను. అది ఉష్ణమండల ద్వీపం. ఏడాది పొడుగునా వెచ్చగానే వుంటుంది. ఆఫ్రికాలో పుట్టిన తిలాపియాకు 27 నుంచి 30 డిగ్రీల నీరు ఇష్టం. అక్కడ ఆ చేపకు హీటరుతో పనే లేదు. వాళ్ళు చేసింది వాళ్ళ వూరికి సరిగ్గా సరిపోయింది.

ఆ నమూనాను చేపతో సహా ఎత్తుకుపోయి, మంచు కురిసే వూళ్ళలో ఇంటి వెనక పెట్టుకున్నవాళ్ళకు వచ్చింది తంటా. తిలాపియా 16, 17 డిగ్రీల దగ్గరే మేత మానేస్తుంది. 10, 12 డిగ్రీల దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని బతికించటానికి హీటరు, ఆ హీటరుకు కరెంటు, కరెంటు పోతే జనరేటరు! పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లు అని పెద్దలు ఊరికే అనలేదు. సెయింట్ క్రోయీ వాళ్ళ నుంచి నేర్చుకోవలసింది తిలాపియాను కాదు. వూరి వాతావరణానికి తగిన చేపను ఎన్నుకున్న వాళ్ళ తెలివిని నేర్చుకోవాలి.

సరే, మాటలెందుకు, లెక్కలోకి దిగుదాం. ఇంటర్మీడియట్ ఫిజిక్సు చాలు.

వెయ్యి లీటర్ల నీటిని ఒక డిగ్రీ వెచ్చబెట్టాలంటే 4,186 కిలోజౌళ్ళు కావాలి. కరెంటు భాషలో 1.16 యూనిట్లు. పది డిగ్రీలు పెంచాలంటే 11.6 యూనిట్లు. ఒక కిలోవాట్ హీటరు దాదాపు 12 గంటలు వెలగాలి. ఇది ఒకసారి పెట్టే ఖర్చు, పెడితే పెట్టామనుకోవచ్చు. అసలు ఖర్చు అంతా ఆ వేడిని నిలపటంలో వుంది.

అడుగు, పైభాగం, నాలుగు పక్కలు ఒక్కొక్కటి మీటరు చొప్పున వుండే ఒక ఘనాకారపు ప్లాస్టిక్ తొట్టి తీసుకోండి. వెయ్యి లీటర్లు పడుతుంది. దాని మొత్తం ఉపరితలం 6 చదరపు మీటర్లు. ఒట్టి ప్లాస్టిక్ గోడ, చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు, ఉజ్జాయింపుగా 6 వాట్ల వేడిని బయటికి వదిలేస్తుంది. బయట సగటున 7 డిగ్రీల చలి వుంది, మనకు నీరు 22 డిగ్రీలు కావాలి అనుకుందాం. తేడా 15. ఆరు ఆర్లు ముప్ఫై ఆరు, దాన్ని పదిహేనుతో హెచ్చిస్తే 540 వాట్లు. రోజుకు 13 యూనిట్లు! నూరు రోజుల చలికాలానికి 1,300 యూనిట్లు. నెల మొత్తానికి నూరు యూనిట్ల లోపే గడుపుకునే ఇళ్ళు మన వూళ్ళలో ఎన్నో వున్నాయన్నది గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు అదే తొట్టికి ఆరు వైపులా రెండంగుళాల థర్మోకోల్ తొడిగామనుకోండి. చదరపు మీటరుకు డిగ్రీకి 6 వాట్లు పోయేది కాస్తా 0.65 వాట్ల దగ్గరికి వస్తుంది. మొత్తం నష్టం 60 వాట్ల లోపు. రోజుకు 1.4 యూనిట్లు. నూరు రోజులకు 140. చేప అదే, నీరు అదే, చలీ అదే. ఖర్చు మాత్రం తొమ్మిదో వంతు.

ఇంటి తొట్టిలో వెయ్యి లీటర్లకు 20 కిలోల చేప మించకుండా వుంచుకోమని ఆ ఆహార వ్యవసాయ సంస్థ గ్రంథమే సలహా ఇస్తుంది. అంటే కప్పు లేని తొట్టిలో కిలో చేపను ఒక్క చలికాలం గట్టెక్కించటానికి 65 యూనిట్లు ఖర్చు. దుప్పటి కప్పిన తొట్టిలో 7 యూనిట్లు. కొండను తవ్వి ఎలుకను పట్టటమంటే ఏమిటో ఈ 65కూ 7కూ మధ్య తేడాలో తెలుస్తుంది.

ఇంకో దొంగ వున్నాడు. వాడి పేరు ఆవిరి. ఒక లీటరు నీరు ఆవిరై పోతూ పోతూ తనతో 2,450 కిలోజౌళ్ళ వేడిని మూట కట్టుకుపోతుంది. ఆ ఒక్క లీటరు చాలు, వెయ్యి లీటర్ల తొట్టిని అర డిగ్రీకి పైగా చల్లబరచటానికి. మట్టి కుండలో నీళ్ళు చల్లబడేది ఈ కిటుకుతోనే కదా! వేసవిలో మనం మురిసిపోయే ఆ కుండ గుణమే చలికాలంలో తొట్టికి శత్రువవుతుంది. అంచేత తొట్టికి మొదట కావలసింది మూత. గాలి ఆడటానికి చిన్న సందు వుంచి, మిగతాదంతా మూసెయ్యటం. ఖర్చు చూస్తే చాలా తక్కువ, ఫలితం చూస్తే అన్నిటికన్నా ఎక్కువ.

మూడో దొంగ మనమే పెట్టుకున్న మొక్కల మడి. తొట్టిలోని వెచ్చటి నీటిని చల్లటి కంకర మీదుగా పారించి తిరిగి తెచ్చుకుంటే, ఆ మడి మోటారు కారు రేడియేటరు చేసే పనే చేస్తుంది. నీరు నిండి, మళ్ళీ ఖాళీ అయ్యే పద్ధతి మడిలో అయితే ఖాళీ అయిన ప్రతిసారీ రాత్రి చలిగాలి కంకరలోకి దూరుతుంది. సన్నటి గొట్టాల్లో పలచగా నీరు పారే పద్ధతి ఇంకా అన్యాయం. థర్మోకోల్ పలక మీద మొక్కలు నిలబెట్టి, ఆ పలకను లోతైన నీటి మీద తేలేసే పద్ధతి చలికి కాస్త మేలు. ఆ పలకే నీటికి మూత అవుతుంది. ఏ పద్ధతి వున్నా, చలి రాత్రుల్లో మడిలోకి నీటి ప్రవాహం తగ్గించి, పగటి ఎండలో పెంచుకోవచ్చు. అయితే ఒక జాగ్రత్త. బాక్టీరియా వుండేది ఆ కంకరలోనే. దాని తడి ఆరిపోకూడదు, చేపల తొట్టిలో గాలి పంపు ఆగకూడదు.

"ఇదంతా థర్మోకోల్ పురాణమేనా, సూర్యుడి మాటేమిటి?" అని మీరడగవచ్చు. ఆ మాటకే వస్తున్నాను.

అమెరికాలోని మసాచూసెట్స్ రాష్ట్రంలో, కేప్ కాడ్ అనే సముద్ర తీరంలో, 1969లో జాన్ టాడ్, నాన్సీ జాక్ టాడ్, విలియం మెక్‌లార్నీ అనేవాళ్ళు న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థను స్థాపించారు. అది మంచు పడే ప్రాంతం. అక్కడ వాళ్ళూ తిలాపియానే పెంచారు. మరి హీటర్లు పెట్టారా? వాళ్ళ ఆలోచన వేరే దారిలో నడిచింది. వెలుతురు చొరబడే ఫైబర్‌గ్లాసుతో నిలువు పీపాలు చేశారు. అయిదడుగుల ఎత్తు, అయిదడుగుల వెడల్పు. ఒక్కొక్క దానిలో రెండున్నర వేల లీటర్లకు పైగా నీరు. ఆ నీటిలో నాచు పెరిగి ముదురాకుపచ్చగా మారి, ఎండను తాగేస్తుంది. పగలు తాగిన ఎండను రాత్రి నెమ్మదిగా వదులుతుంది. 1976లో కట్టిన 'ఆర్క్' అనే అద్దాల ఇంట్లో ఈ పీపాలను వరసగా నిలబెట్టారు. చేపకు ఇల్లయిన నీరే మొక్కల ఇంటికి కుంపటి అయింది! అదే ఏడాది కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో మరో ఆర్క్ కట్టారు. దాని ప్రారంభోత్సవానికి ఆ దేశ ప్రధాని పియరీ ట్రూడో స్వయంగా వచ్చారు. సంస్థ 1991లో మూతపడింది గాని ఆ ఆలోచన మూతపడలేదు.

వాళ్ళు మనకు చెప్పిన పాఠం ఇది: నీరు వేడి తినే పిశాచం కాదు, వేడి దాచే ఖజానా. మనం దానికి తాళం వెయ్యటం మరచిపోయి, ఖజానా ఖాళీ అవుతోందని ఏడుస్తున్నాం.

ఈ ఖజానా గుణం మన వూళ్ళలో ఎంత పనికి వస్తుందో చూడండి. హైదరాబాదులో జనవరి రాత్రి చలిగానే వుంటుంది, కాని మధ్యాహ్నం 28, 29 డిగ్రీలకు చేరుతుంది. రాత్రీ పగలూ కలిపి సగటు చూస్తే ఇరవై దాటే వుంటుంది. వెయ్యి లీటర్ల నీరు గాలితోపాటు ఎగిరి దూకదు. ఒట్టి తొట్టి అయినా సరే, బయటి గాలి సగటుకు ఏడేసి డిగ్రీలు పైకీ కిందికీ ఆడితే, లోపలి నీరు ఒక డిగ్రీ అటూ ఇటూ మాత్రమే ఆడుతుంది. తొట్టి చిన్నదయ్యేకొద్దీ ఈ ఆట పెరుగుతుంది. అందుకే బల్ల మీది అద్దాల పెట్టెకు హీటరు కావాలనిపించే వూళ్ళోనే, మేడ మీది పెద్ద తొట్టికి రాత్రిపూట ఒక మూత సరిపోతుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వాళ్ళు తొట్టికి హీటరు కొంటున్నారంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తున్నారనే నేనంటాను. ఆదిలాబాదు వైపు, అరకు, లంబసింగి కొండల్లో మాత్రం సంగతి వేరు. అక్కడ చలిని లెక్కలోకి తీసుకోవలసిందే.

అక్కడైనా రెండో ప్రశ్న అడగకుండా హీటరు దగ్గరికి పోనక్కరలేదు. ఏ చేప? బంగారు తీగ చేపనే తీసుకోండి. వెచ్చటి నీటిలో బాగా పెరుగుతుంది, చలిలో మేత తగ్గించుకుని ముడుచుకుంటుంది గాని, 4 డిగ్రీల నీటిని కూడా తట్టుకుని బతుకుతుంది. వేసవిలో కూడా చల్లగా వుండే దేశాల్లో ట్రౌట్ చేప వుంది. దానికి 14 నుంచి 16 డిగ్రీలే ఇష్టం, 21 దాటితే ఇబ్బంది పడుతుంది. కెనడాలో వున్న మన అన్నలూ అక్కలూ తిలాపియా కోసం నీళ్ళు కాచే బదులు, చలికాలం ట్రౌట్‌ను పెంచుకుంటే ఆ చలే వాళ్ళకు చుట్టమవుతుంది. తిలాపియానే కావాలంటే వేసవిలో వేసి చలి రాకముందే పట్టుకుని వండుకోవచ్చు. మన దేశంలో తిలాపియా పెంపకానికి ప్రభుత్వ అనుమతి కావాలన్న సంగతి కూడా ఇక్కడివాళ్ళు గుర్తుంచుకోవాలి. 1952లో తెచ్చిన తిలాపియా చెరువుల్లో విచ్చలవిడిగా పెరగటం చూసి, 1959లోనే దాని పెంపకాన్ని ఆపమన్నారు.

మొక్కల విషయమూ అంతే. పాలకూర, మెంతికూర, కొత్తిమీర చలికాలపు పంటలు. చల్లటి నీటికి అవి భయపడవు. బెండ, వంగ, టమాటా ముడుచుకుపోతాయి. ఏ నెలలో ఏ విత్తనం వెయ్యాలో మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ జ్ఞానం మేడ మెట్లు ఎక్కేసరికి ఎందుకు పోవాలి?

ఇప్పుడు ఎదుటి పక్షం వాదన కూడా న్యాయంగా వినాలి. "అయ్యా, మాది మంచు పడే వూరు. గొట్టాల్లో నీరు గడ్డకడితే గొట్టాలే పగిలిపోతాయి. మీ ట్రౌట్ పిల్లలు మా దగ్గర దొరకవు. ఉన్న చేపల్ని చంపుకోమంటారా?" అంటే నా దగ్గర కూడా హీటరు తప్ప వేరే మాట లేదు. ప్రాణం కాపాడటానికి పెట్టే వేడిని తప్పు పట్టేటంత కఠినుణ్ణి కాను. నిజానికి వేడి పెట్టక తప్పనప్పుడు అద్దాల ఇంటిలోని గాలిని వేడి చెయ్యటం కన్నా నీటిని వేడి చెయ్యటమే తెలివైన పని. వెచ్చటి నీరు వేళ్ళను తాకుతుంటే ఆకుకూర పైన చలిగాలిని ఓర్చుకుంటుంది. నేననేదల్లా, దుప్పటి కప్పిన తర్వాత కుంపటి పెట్టండి అని. అప్పుడు పెద్ద కుంపటి అవసరం వుండదు.

పెట్టేవాళ్ళకు నాలుగు జాగ్రత్తలు. ఒకటి, బకెట్లో నీళ్ళు కాచుకునే కడ్డీ హీటరును చేపల తొట్టిలో వెయ్యకండి. దానికి వేడిని అదుపు చేసే సాధనం లేదు. చేప వుడికిపోతుంది, తడి చేత్తో ముట్టుకున్న పిల్లవాడి ప్రాణానికే ముప్పు. థర్మోస్టాట్ వున్న అక్వేరియం హీటరే వాడాలి, ఆ లైనుకు కరెంటు లీకైతే తెగిపోయే బ్రేకరు వుండాలి. రెండు, వేణ్ణీళ్ళ చుట్ట ఏదైనా తొట్టిలోకి దింపేట్లయితే రాగి గొట్టం వద్దు. రాగి చేపలకు విషం. జింకు పూత ఇనుమూ వద్దు. ప్లాస్టిక్ గొట్టమే మంచిది. మూడు, వేడిని ఒక్కసారిగా పెంచకండి. చేపకు చలి కన్నా హఠాత్తుగా వచ్చే మార్పు ఎక్కువ ప్రమాదం. రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున నెమ్మదిగా పెంచాలి. నాలుగు, చేప హాయిగా వుండే వేడిని గాక, దానికి హాని లేని కనీసపు వేడిని చూసుకుని థర్మోస్టాట్ అక్కడ పెట్టండి. ప్రతి డిగ్రీకీ బిల్లు కట్టేది మనమే.

హీటరును నమ్ముకోవటంలో ఇంకో పెద్ద లోపం వుంది. కరెంటు పోతే? దుప్పటి లేని తొట్టి, బయట చలి ఎక్కువగా వున్న రాత్రి, హీటరు మీదే బతుకుతున్న తిలాపియా. గంట గంటకూ తొట్టి చల్లబడుతుంది, గాలి పంపు కూడా ఆగిపోతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు! ముందు లెక్క వేసిన తొట్టినే తీసుకుంటే, ఒట్టి తొట్టిలో మొదటి రెండు గంటల్లోనే దాదాపు ఒక డిగ్రీ పోతుంది. థర్మోకోల్ తొడిగిన తొట్టిలో ఆ డిగ్రీ పోవటానికి ఇరవై గంటలు పడుతుంది. ఇంటి పెద్దకు కరెంటు వాళ్ళను పిలవటానికైనా వ్యవధి దొరుకుతుంది. కాపలా మనిషి లేకపోయినా కాపలా కాసేది ఆ దుప్పటి ఒక్కటే.

ఇంతకీ ఒక సావనీరులో ఈ చేపల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అనుకోవచ్చు. నాకు ఇందులో చేప కన్నా పెద్ద విషయం కనిపిస్తోంది. ఇంటి కూర ఇంట్లోనే పండించుకోవాలి, నీరు వృథా కాకూడదు, ఎవరి మీదా ఆధారపడకూడదు అన్న ఆశయంతో మొదలైన పని, చివరకు ఒక స్విచ్చు మీద ఆధారపడే పనిగా దిగజారుతోంది. స్వావలంబన అని బోర్డు రాసి, దాని వెనక మీటరు గిర్రున తిరుగుతుంటే అది స్వావలంబన ఎలా అవుతుంది? కష్టం వచ్చిందంటే ఒక పరికరం కొనెయ్యటం, అసలు ఆ కష్టం ఎందుకు వచ్చిందో ఆలోచించక పోవటం. ఈ జబ్బు చేపల తొట్టి దగ్గర ఆగేది కాదు. మన ఇళ్ళ కట్టుబడిలో వుంది, మన హాస్టళ్ళలో వుంది, మన లాబొరేటరీల్లోనూ వుంది.

న్యూటన్ చెప్పిన చల్లబడే సూత్రాన్ని మనమంతా రికార్డు పుస్తకంలో రాసినవాళ్ళమే. పక్క బెంచీ వాడి రీడింగులు చూసి గ్రాఫు గీసినవాళ్ళు కూడా మనలో లేకపోలేదు! మార్కులు పడ్డాయి, పుస్తకం అటకెక్కింది. ఇంట్లో తొట్టి చల్లబడుతుంటే ఆ సూత్రం గుర్తుకు రాదు, కొట్లో హీటరు గుర్తుకు వస్తుంది. చదువుకూ బతుకుకూ మధ్య ఇంత దూరం వుంటే తప్పు ఎవరిది? విద్యార్థులదా, లెక్చరర్లదా అని తగవు పడటం కన్నా ఆ దూరం తగ్గించే పని ఒకటి చెయ్యటం మంచిది.

కనుక మన విద్యార్థి సంఘానికి ఒక సూచన చేస్తున్నాను. వచ్చే చలికాలానికి హాస్టలు మేడ మీద సమానమైన రెండు తొట్లు పెట్టండి. రెండింటిలోనూ బంగారు తీగ చేపలు, రెండింటికీ పాలకూర మడి. ఒకదానికి మూత, థర్మోకోల్ దుప్పటి. రెండోది ఒట్టిది. హీటరు దేనికీ వద్దు. తొట్లను మాత్రం వేసవిలోనే మొదలుపెట్టాలి. కొత్త తొట్టిలో బాక్టీరియా నిలదొక్కుకోవటానికి వెచ్చటి రోజుల్లోనే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, చలిలో మొదలుపెడితే ఇంకా ఆలస్యం. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా.

తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫిజిక్సు వాళ్ళు రెండు తొట్ల వేడి కొలుస్తారు. వేరేవాళ్ళ రీడింగులు చూసి రాయటానికి వీలుండదు, ఎందుకంటే ఆ రీడింగులు ఇంకెక్కడా వుండవు. కెమిస్ట్రీ వాళ్ళు అమ్మోనియా, నైట్రైట్ చూస్తారు. జువాలజీ వాళ్ళు చేప ఏ వేడి దగ్గర ఎంత మేత తింటున్నదో రాస్తారు. బోటనీ వాళ్ళు పాలకూర తూకం వేస్తారు. ఎకనామిక్సు వాళ్ళు పైసలతో సహా ఖర్చు లెక్క కడతారు. తెలుగు శాఖ మిత్రులు ఆ నివేదికను పల్లెవాళ్ళకు కూడా అర్థమయ్యే భాషలో తిరిగి రాస్తారు. ఒకే ఆవరణలో వుండి ఒకరి ముఖం ఒకరు చూడని ఈ శాఖలన్నీ ఒక నీళ్ళ తొట్టి చుట్టూ చేరతాయి. దీనికయ్యే ఖర్చు సంఘం వార్షికోత్సవానికి కట్టే షామియానా అద్దెను మించదని నా నమ్మకం.

నా అభిప్రాయం తప్పని తేలినా నాకు సంతోషమే. ఒట్టి తొట్టి చేపలు కూడా దుప్పటి తొట్టి చేపలంత హాయిగా వున్నాయని మీ కొలతలు చెబితే, ఆ మాటే రాయండి. మూత కూడా అక్కరలేదని మన వూరివాళ్ళకు తెలుస్తుంది, అదీ లాభమే. కాని కొలవకుండా కొనటం మాత్రం మానుకుందాం. చేపకు చలేస్తే ముందు తలుపు వేద్దాం, తర్వాత దుప్పటి కప్పుదాం, ఆ తర్వాత వూరికి తగిన చేపను తెచ్చుకుందాం. అప్పటికీ చలి మిగిలితే హీటరు కొట్టు ఎక్కడికీ పోదు, వీధి చివరే వుంటుంది.